ఈనె తడి

తోడు పొడి ప్యాకెట్ మీద ఎర్రటి అక్షరాలతో వేయించాను: ‘ఈ పెరుగును మళ్ళీ తోడు వేయరాదు.’ తెలుగులో వేయించాను, ఉర్దూలో వేయించాను, చదవడం రానివాళ్ళ కోసం పెరుగు గిన్నె బొమ్మ వేసి దాని మీద అడ్డంగా గీత కూడా కొట్టించాను. మూడు వందల పన్నెండు కుటుంబాలను విడతలు విడతలుగా పొన్నూరులోని మా ల్యాబుకి పిలిపించి గొంతు పోయేదాకా చెప్పాను. అందరూ బుద్ధిగా తలలూపారు. ఇప్పుడు రేపల్లె ఆసుపత్రిలో, మిట్టమధ్యాహ్నం, పిల్లల వార్డు మధ్యలో సామ్రాజ్యమ్మ అనే పెద్దావిడ నా ఎదురుగా నిలబడి, “తోడేసేదాన్నే డాక్టరమ్మా, అబద్ధమెందుకు” అంటోంది.

పక్కన మంచం మీద ఆవిడ మనవరాలు మోక్ష పడుకుని ఉంది. నాలుగేళ్ళ పిల్ల. పెదవులు ఉబ్బిపోయాయి, కళ్ళు పూర్తిగా తెరుచుకోవడం లేదు, ముక్కుకి ఆక్సిజన్ గొట్టం. ఇంజెక్షన్ పడ్డాక ఊపిరి దారికొచ్చిందనీ, ఇంకో పది నిమిషాలు ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమనీ అక్కడి డాక్టరు చెప్పి వెళ్ళాడు. పిల్ల తిన్నది మా పెరుగే. పాలలో ఉండే కేసీన్ అనే ప్రోటీను పడని పిల్లల కోసం నేను ఏడేళ్ళు కూర్చుని తయారుచేసిన పెరుగు.

“ఎన్నాళ్ళ నుంచి వేస్తున్నారు?” అన్నాను.

“మొదట్నించీ. ఆరేడు రోజులు తోడేసి, మళ్ళీ కొత్త ప్యాకెట్టు చించేదాన్ని. మొన్న ఆదివారం చుట్టాలొచ్చి పెరుగంతా అయిపోతే…”

“పాలల్లో కలుపుకోమని వారానికి మూడు పొడి ప్యాకెట్లు ఇస్తున్నాం కదా! మిగతావి ఏం చేశారు?”

“దాచా.”

“దాచారా? ఎందుకు?”

“రేపు మీరు ఇవ్వటం మానేస్తే పిల్ల ఏం తినిద్దని.”

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి మా ల్యాబులో గోడలకి కూడా తెలుసు. అయినా ఆ రోజు మాట్లాడినట్టు ఎన్నడూ మాట్లాడలేదు. “మీ అతితెలివి వల్ల పిల్ల ప్రాణం మీదకి వచ్చింది తెలుసా? చదువు రాకపోతే బొమ్మయినా చూడొచ్చు కదా? అంత పెద్ద గీత కొట్టించాను, కనబడలేదా? మీ చేతులారా చంపుకునేవారు!” అన్నాను. పక్క మంచాల దగ్గర తల్లులు అన్నం కలపడం ఆపి చూశారు. ఎక్కడో సెలైన్ సీసా మారుస్తున్న నర్సు కూడా ఆగిపోయింది.

సామ్రాజ్యమ్మ ఏదో చెప్పబోయింది. “అది గాదు తల్లీ, ఆదివారం…”

“ఇంకేం చెప్పొద్దు” అన్నాను.

ఆవిడ కొడుకు పూర్ణచంద్రరావు అంతసేపూ గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. తల్లి వంక చూడకుండానే అన్నాడు. “అమ్మా, నువ్వింక వంటింట్లోకి రామాక.”

దాచిన ప్యాకెట్లన్నీ తెప్పించమంటే అతను బండి మీద వెళ్ళి అరగంటలో ఒక రేకు బిస్కెట్ డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టాడు. డెబ్భై ప్యాకెట్లు. ఒక్కో దాని మీద మా తేదీ ముద్ర. పైన కొత్తవి, అడుగున జనవరివి. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి అనుకుంటూ డబ్బా ఒళ్ళో పెట్టుకుని పొన్నూరు బయల్దేరాను.

ఈ తోడు గొడవేమిటో చెప్పాలి. కేసీన్ పొడుగాటి దారం లాంటిది. పెరుగులోని బ్యాక్టీరియాకి ఆ దారాన్ని కత్తిరించే ఎంజైము పుట్టుకతోనే ఉంటుంది. కాకపోతే తనకి కావలసినంత కత్తిరించుకుని ఊరుకుంటుంది. మిగిలిన దారం మా అమ్మాయి సంహితలాంటి పిల్లల గొంతులోకి పోతే గొంతు మూసుకుపోతుంది. నేను ఆ ఎంజైము జన్యువును మార్చి, దారం ఎక్కడా మిగలకుండా తెగేలా చేశాను. మా సీనియర్ టెక్నీషియన్ డానియేలు దానికి ‘కత్తెర’ అని పేరు పెట్టాడు. కాగితాల మీద ఏదో నంబరు ఉంది గానీ అందరికీ అది కత్తెరే.

చిక్కంతా ఒక్కచోట ఉంది. ఆ జన్యువు ఒక చిన్న డీఎన్ఏ ఉంగరం మీద విడిగా ఉంటుంది. కణం రెండుగా చీలేటప్పుడు ఒక్కోసారి ఒక పిల్లకి ఉంగరం అందదు. కత్తెర లేని ఆ పిల్ల చస్తుందా అంటే చావదు. పక్కవాళ్ళు కత్తిరించిన ముక్కలు తేరగా తింటుంది. కత్తెర తయారుచేసే శ్రమ లేదు కాబట్టి వాళ్ళకంటే తొందరగా పెరుగుతుంది కూడా. తోడు మీద తోడు వేసుకుంటూ పోతే గిన్నెలో ఈ తేరగాళ్ళే ఎక్కువైపోతారు. పెరుగు మాత్రం మామూలుగానే తోడుకుంటుంది, చూస్తే ఏమీ తెలియదు. అందుకే ఎర్ర అక్షరాలు, అందుకే బొమ్మ, అందుకే నా గొంతు.

డబ్బా ల్యాబులో డానియేలుకి ఇచ్చి ఇల్లు చేరేసరికి సాయంత్రం నాలుగయింది. సంహిత అప్పుడే స్కూలు నుంచి వచ్చి వీధి అరుగు మీద బూట్లు విప్పుతోంది. దానికి తొమ్మిదేళ్ళు. పుట్టిన ఆరు నెలలకే ఒక చెంచా పాలతో మమ్మల్ని గుంటూరు పరిగెత్తించింది. ఆ రోజు నుంచి మా ఇంట్లోకి పాలు రాలేదు, పెరుగు రాలేదు. మా అత్తగారు భ్రమరాంబగారు మజ్జిగ లేనిదే అన్నం ముగించని మనిషి. ఆవిడ తొమ్మిదేళ్ళు చారుతోనే లేచింది, ఒక్కరోజు కూడా ఆ మాట ఎత్తలేదు. జనవరిలో కత్తెర పెరుగు వచ్చాక సంహిత మొదటిసారి పెరుగన్నం తిన్న రోజున ఆవిడ కూడా దాని పక్కనే కూర్చుని తిన్నది.

నేను రేపల్లె సంగతి చెప్పడం మొదలుపెట్టాను. చెబుతున్నకొద్దీ నా గొంతు పెరిగింది. “ఎంత చెప్పినా వినరు అత్తయ్యా! తోడు, తోడు! వీళ్ళకి తోడు వెయ్యకపోతే నిద్ర పట్టదు కాబోలు!”

అత్తగారు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తల ఎత్తలేదు. సంహితే అంది. “నానమ్మ కూడా తోడే వేస్తుందిగా అమ్మా.”

నా చేతిలో మంచినీళ్ళ గ్లాసు చేతిలోనే ఉండిపోయింది.

“ఏమిటీ?”

“నువ్వు అరవకు ముందు” అంది అత్తగారు.

“ఎన్ని రోజుల నుంచి?”

“ప్యాకెట్టు మొదటి రోజు వేశాను. జనవరిలో.”

“ఆ తర్వాత?”

“ఆ తర్వాత ఎందుకూ? పెరుగు ఉందిగా.”

“నేను వారం వారం తెచ్చిన ప్యాకెట్లు?”

“మల్లెచెట్టు మొదట్లో వేస్తున్నాను. చెట్టు బాగా పూస్తోంది.”

అరవడానికి కూడా నాకు శక్తి లేకపోయింది. ఎనిమిది నెలలు. రెండు వందల నలభై సార్లు తోడు మీద తోడు. ఆ లెక్కన ఆ గిన్నెలో కత్తెర ఒక్కటి కూడా మిగిలి ఉండకూడదు, నా కూతురు పొద్దున అదే పెరుగు డబ్బాలో పెట్టుకుని స్కూలుకి వెళ్ళింది. దాన్ని దగ్గరికి లాక్కుని పెదవులు చూశాను, గొంతు చూశాను, చేతులు తిప్పి చూశాను. “నాకేం కాలేదమ్మా, వదులు” అని విసుక్కుంది. వంటింట్లో గట్టు మీద ఏడు చిన్న స్టీలు గిన్నెలు వరసగా ఉన్నాయి. ఏడింటినీ కూరల బుట్టలో పెట్టుకుని, అడ్డొచ్చిన అత్తగారిని తప్పించుకుని, ఆటో పిలిచి ల్యాబుకి పోయాను.

డానియేలు అప్పటికే సామ్రాజ్యమ్మ డబ్బా ముందేసుకుని కూర్చున్నాడు. మా దగ్గర పరీక్ష పట్టీలు ఉంటాయి. పెరుగు చుక్క వేస్తే ఒక గీత వచ్చిందంటే దారమంతా తెగినట్టు. రెండో గీత వస్తే తెగని దారం ఉన్నట్టు. అత్తగారి మొదటి గిన్నె నుంచి చుక్క వేశాను. ఒక గీత. రెండో గిన్నె, ఒక గీత. మీగడ తీసి వేశాను. ఒక గీతే. ఏడు గిన్నెలూ అయ్యాక మళ్ళీ మొదటి నుంచి వేశాను.

“పట్టీలు పాడైపోయాయేమో డానియేలు గారూ.”

“నేనూ అదే అనుకున్నాను మేడమ్, పొద్దున ఒక ఫలితం చూసి” అన్నాడాయన. ఆయన మాట మెల్లగా వస్తే నాకు భయం. ముప్పై ఏళ్ళుగా ఈ ల్యాబులో ఉన్న మనిషి. “నిన్న రాత్రి పిల్ల సంగతి ఫోనులో తెలియగానే మన స్టోరులోంచే ఒక సీలు ప్యాకెట్ తీసి తోడు పెట్టాను. ఇది చూడండి.”

రెండు గీతలు. లేతగా కాదు, స్పష్టంగా.

“ఇది ఆవిడ తోడు వేసింది కాదు కదా?”

“ఎవరూ వెయ్యలేదు మేడమ్. మనం సీలు వేసినది.”

నేను కుర్చీలో కూర్చున్నాను. ఆ నిమిషంలో సామ్రాజ్యమ్మ పూర్తి చెయ్యని మాట గుర్తొచ్చింది. ఆదివారం చుట్టాలొచ్చి పెరుగంతా అయిపోతే. అయిపోతే ఏం చేస్తుంది? కొత్త ప్యాకెట్ చించుతుంది. డబ్బాలో పైదే తీస్తుంది. మోక్ష తిన్నది పాత తోడు పెరుగు కాదు. మా ప్యాకెట్ పెరుగు. ఆవిడ రెండు సార్లు చెప్పబోయింది, నేను రెండు సార్లూ వినలేదు.

ముందు అన్ని కుటుంబాలకీ ఫోన్లు చేయించాను. మళ్ళీ చెప్పేదాకా ఎవరూ ఏ పెరుగూ పిల్లలకి పెట్టొద్దు అని. తర్వాత డబ్బాలోని డెబ్భై ప్యాకెట్లూ తేదీల వరసన తోడు పెట్టమన్నాను. “వారానికి రెండేసి ఉన్నాయి మేడమ్, ఒక్కోటి సరిపోతుందేమో” అన్నాడు డానియేలు. “రెండూ పెట్టండి. రేపు ఎవరూ వేలెత్తి చూపకూడదు” అన్నాను.

మూడో రోజుకి బల్ల నిండా పట్టీలు. జనవరి నుంచి జూన్ రెండో వారం దాకా నలభై ఆరు ప్యాకెట్లు, ఒకే గీత. ఆ తర్వాత ఎనిమిదింటికి రెండో గీత లేతగా మొదలైంది. చివరి పదహారింటికీ రెండు గీతలు, వారం వారం ముదురుతూ. ఆ ముసలావిడ డబ్బా మా ల్యాబు రోజుల్ని వరసగా రాసి పెట్టింది. మే నెలలో ఏం జరిగిందో నాకు చెప్పాల్సిన పని లేదు. వడగాలులకి రెండు రోజులు కరెంటు పోయింది, జనరేటర్లో డీజిల్ పోయించాల్సినవాళ్ళు పెళ్ళికి పోయారు. గడ్డకట్టించి దాచిన అసలు కత్తెర గొట్టాలు ఎనిమిదింటిలో ఏడు పోయాయి. మిగిలిన ఒక్కదాన్ని పట్టుకుని రోజూ కొత్త పాలలోకి మారుస్తూ ప్యాకెట్లు పట్టించాను. నూరు పాళ్ళ పాలకి రెండు పాళ్ళ తోడు, రోజూ. ఆ పద్ధతి పుస్తకం నేనే రాశాను. పదో రోజు దాకా పరీక్షించాను, బాగానే ఉంది. ఆ తర్వాత సమావేశాలతో తీరిక లేకపోయింది.

దాన్ని మేము సబ్‌కల్చర్ అంటాం. ఇంట్లో ఆడవాళ్ళు తోడు వెయ్యడం అంటారు. మూడు వందల పన్నెండు కుటుంబాలకి వద్దని చెప్పిన పని నేను మూడు నెలలుగా రోజూ చేయిస్తున్నాను.

అయితే అత్తగారి గిన్నెల సంగతేమిటి? ఆ రాత్రే వెనక్కిచ్చిన ఆ గిన్నెల్లో ఆవిడ తోడు వేస్తూనే ఉంది, రోజూ పరీక్షిస్తే ఒక గీతే. మర్నాడు డానియేలుని వెంటబెట్టుకుని ఇంటికి వెళ్ళి, “అత్తయ్యా, మీరు తోడు ఎలా వేస్తారో చూపించండి” అన్నాను.

“తోడు ఎలా వేస్తారో కూడా తెలియదా డాక్టరు చదివి!” అంటూ ఆవిడ పెరటి గుమ్మంలోంచి కొబ్బరి ఈనె ఒకటి తెచ్చి కడిగింది. ఏడు గిన్నెల్లో గోరువెచ్చని పాలు పోసింది. ముందురోజు గిన్నెలు వంచి చూసి, అన్నిటికన్నా ముందు గట్టిపడిన దాన్లో ఈనె కొస ముంచి, దులిపి, ఆ తడితో ఒక్కో గిన్నెలో ఒక్కసారి తిప్పింది. అంతే.

“ఇంత కొంచెమేనా?” అన్నాను.

“ఎక్కువ వేస్తే పులుస్తుంది. మా అత్తగారు ఇంతే వేసేది.”

“ఏడు గిన్నెలెందుకండీ? ఇంట్లో నలుగురేగా?” అన్నాడు డానియేలు.

“నా అయిదుగురు పిల్లలూ మీగడ కోసం కొట్టుకునేవాళ్ళు బాబూ. ఒకడి తల పగిలి కుట్లు కూడా పడ్డాయి. అప్పట్నుంచి ఎవరి గిన్నె వాళ్ళకే. పిల్లలు వెళ్ళినా చెయ్యి అలవాటు పోలేదు.”

“ఒక్కోసారి తోడుకోకపోతే?”

“తోడుకోనిది చెట్టుకి పోస్తాను. దాన్ని మళ్ళీ వాడను.”

డానియేలు నా వంక చూశాడు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మా పద్ధతిలో గరిటెడు వేస్తే బ్యాక్టీరియా కిక్కిరిసి ఉంటాయి, ఒకడు కోసిన ముక్క పక్కవాడికి అందుతుంది, తేరగాళ్ళు బతికిపోతారు. ఈనె తడిలో ఉండేవి కొన్నే. పాలలో అవి ఒకదానికొకటి దూరమైపోతాయి. కత్తెర ఉన్నది తను కోసుకున్నది తనే తింటుంది, లేనిదానికి దగ్గర్లో పెట్టేవాడు ఉండడు. ఎక్కడైనా ఒక గిన్నెలో తేరగాళ్ళే పడితే ఆ గిన్నె తోడుకోదు, చెట్టు పాలవుతుంది. మేము ఏడేళ్ళలో కనుక్కోలేని కాపలా మా ఇంట్లో మీగడ తగవు వల్ల ఎప్పుడో పుట్టింది.

ఇక్కడితో కథ సుఖంగా అయిపోవాలి. మా డైరెక్టరు చెన్నకేశవులుగారు అవ్వనివ్వలేదు. ఆయన నివేదిక ముందే టైపు చేయించి ఉంచారు. ‘సూచనలు పాటించకుండా కుటుంబ సభ్యులు పదే పదే తోడు వేసినందువల్ల’ అని రెండో పేరాలో ఉంది.

“ఇది నిజం కాదు సార్. ప్యాకెట్టే చెడింది.”

“ఆవిడ తోడు వేసేదన్నది నిజమే కదా సుహాసినిగారూ? ఆవిడే ఒప్పుకుందిగా?”

“పిల్ల తిన్నది అది కాదు.”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “చూడండి. ప్యాకెట్లన్నీ వెనక్కి తెప్పించేశాం. ఇంక ఎవరికీ ప్రమాదం లేదు. మీ అత్తగారి గిన్నెల్లోంచి మళ్ళీ కత్తెర తీసుకుంటే నెలలో పని మొదలవుతుంది. మూడు వందల మంది పిల్లలు పెరుగు తింటారు. అదే తప్పు మనదని రాస్తే జన్యు ప్రయోగాలకి అనుమతిచ్చే కమిటీ ఈ ప్రయోగం మొత్తం ఆపేస్తుంది. ఇళ్ళలో ఉన్నది కూడా తీసుకుపోతారు. మీ ఇంట్లోది కూడా. మళ్ళీ అనుమతి రావాలంటే ఏడాది. మీ అమ్మాయి సంగతి నేను వేరే చెప్పాలా?”

చెప్పక్కర్లేదు. ఆ వారమే సంహిత క్లాసులో అందరితో కలిసి కూర్చుని తినడం మొదలుపెట్టింది. అంతకుముందు అది ఒక్కతే కిటికీ పక్క బెంచీ మీద విడిగా కూర్చుని తినేది, ఎవరి చెయ్యి తగిలినా టీచరు పరిగెత్తుకొచ్చేది. ఆరోజు ఇంటికొచ్చి, “అమ్మా, పెరుగన్నంలో దానిమ్మ గింజలు వేస్తే బావుంటుందని ఆఫ్రీన్ చెప్పింది. రేపు వేస్తావా?” అంది. ఒక్క సంతకం. నష్టం ఎవరికి? రేపల్లెలో ఒక ముసలావిడకి. ఆవిడ ఎటూ తోడు వేసింది కదా. సంతకం పెడదామనే అనుకున్నాను, అబద్ధమెందుకు. కలం మూత తీశాను కూడా.

కాగితం ఇంటికి తెచ్చి అత్తగారికి చెప్పాను. ఆవిడ ఏడు గిన్నెలూ కడిగి బోర్లిస్తోంది.

“ఆవిణ్ణి ఆసుపత్రిలో అరిచావా?”

“అరిచాను.”

“అందరి ముందూనా?”

“వార్డంతా విన్నది.”

“మరింక నన్నడుగుతావేం?” అంది, గిన్నె ఒకటి టంగుమని పెట్టి.

నాకు ఆవిడ మీద కోపమొచ్చింది, చెన్నకేశవులుగారి మీద కోపమొచ్చింది, డీజిల్ పోయించకుండా పెళ్ళికి పోయినవాళ్ళ మీద వచ్చింది. అందరి మీదా తిరిగి తిరిగి చివరికి నా దగ్గరే ఆగింది. నివేదిక కొట్టేసి నేనే మళ్ళీ రాశాను. మే నెల నుంచీ ఏం చేశామో, పదో రోజు తర్వాత ఏం చెయ్యలేదో, డెబ్భై పట్టీల ఫోటోలతో సహా.

చెన్నకేశవులుగారు చెప్పినట్టే అయింది. ప్రయోగం ఆగింది. కత్తెర ఎక్కడెక్కడ ఉంటే అక్కడ స్వాధీనం చేసుకోమని ఉత్తర్వు వచ్చింది. కమిటీ చేసిన దయ ఒక్కటే, మా ఇంటి ఏడు గిన్నెల పెరుగును సీలు వేసి మళ్ళీ అనుమతి వచ్చేదాకా ఫ్రీజర్లో భద్రపరచమంది. దానికి ఒక ఫారం. ‘మూలం సేకరించిన సంస్థ పేరు’ అన్నచోట ఏం రాయాలో డానియేలుకి తోచక, నన్నడిగి, ‘భ్రమరాంబగారి వంటిల్లు’ అని రాశాడు. ఆయన తెల్లకోటు వేసుకుని మా ఇంటికొచ్చి గిన్నె గిన్నెకీ మూత బిగిస్తుంటే సంహిత గుమ్మం దగ్గర నిలబడి చూసింది. ఏడవలేదు. “ఒక్క గిన్నె కూడా ఉంచరా అంకుల్?” అంది. ఆయన మూత ఇంకోసారి బిగించాడు. అత్తగారు ఈనె పట్టుకొచ్చి, “ఇది కూడానా బాబూ?” అంది. “అది కూడానండీ” అన్నాడు. ఆ మధ్యాహ్నం ఆవిడ మళ్ళీ చారుతో లేచింది.

ఆ ఆదివారం ఖాళీ బిస్కెట్ డబ్బా తీసుకుని రేపల్లె వెళ్ళాను. మోక్ష వాకిట్లో ముగ్గు గిన్నెతో ఆడుకుంటోంది, మొహం మామూలుగా అయింది. సామ్రాజ్యమ్మ వసారాలో పీట మీద ఉంది. లోపల వంటింట్లో కోడలు తిరుగుతోంది. ఈవిడ గుమ్మానికి ఇవతలే కూర్చుని కూరగాయలు తరిగి లోపలికి అందిస్తోంది.

“అమ్మా, తప్పు మీది కాదు” అన్నాను. “పిల్ల తిన్నది కొత్త ప్యాకెట్ పెరుగు. అది మా దగ్గరే చెడింది. నా తప్పు. మీరు ఆరోజు చెప్పబోతే నేను వినలేదు.”

కత్తిపీట మీద ఆవిడ చెయ్యి ఆగింది.

“నేను గాదా?”

“కాదమ్మా.”

“పదిమందిలో అన్నావుగా తల్లీ. ఇప్పుడు చెవిలో చెప్తే ఎట్టా? నా కొడుకుని పిలుస్తా. వాడి ముందు చెప్పు. కోడల్ని కూడా పిలుస్తా.”

పిలిచింది. పూర్ణచంద్రరావు వచ్చాడు, కోడలు తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది, పక్కింటివాళ్ళు గోడ మీంచి చూశారు. అందరి ముందూ మొదట్నుంచీ చెప్పాను. ఆవిడ దాచిన ప్యాకెట్ల వల్లే మా తప్పు బయటపడిందని కూడా చెప్పాను. పూర్ణచంద్రరావు తల్లి ముందున్న కూరగాయల పళ్ళెం తీసుకెళ్ళి వంటింట్లో గట్టు మీద పెట్టి వచ్చాడు.

“పెరుగు మళ్ళీ ఎప్పుడిస్తారు?” అంది సామ్రాజ్యమ్మ.

“ఏడాది పట్టొచ్చు.”

“ఇదిగో, ఇట్టాంటి రోజు వచ్చిద్దనేగా నేను దాచింది! నా డబ్బా ఇయ్యి.”

ఇచ్చాను. ఆవిడ మూత తీసి చూసింది, తలకిందులు చేసి చూసింది. “ఏయి?”

“పరీక్ష చేశామమ్మా.”

“అన్నీ చించారా?”

“అన్నీ.”

“అందులో మంచియ్యి ఎన్ని?”

“నలభై ఆరు.”

ఆవిడ నన్ను చూసిన చూపు, ఆరోజు ఆసుపత్రిలో నేను ఆవిణ్ణి చూసిన చూపే. “నలభై ఆరు! ఒక్కటి చించి, దాన్నే తోడేసి చూసుకోవచ్చుగా తల్లీ! చదువుకున్నదానివి, ఆ మాత్రం తెలవదా? మంచియ్యి కూడా అన్నీ చించాలా? ఎనిమిది నెలలు కడుపు కట్టుకుని దాచినట్టు దాచా. ఇప్పుడు ఈ పిల్ల ఏడాదంతా ఏం తినిద్ది?”

ఉత్తర్వు వచ్చాక ఒక్క ప్యాకెట్ మిగిలినా దాన్ని స్వాధీనం చేసుకునేవాళ్ళమని చెప్పొచ్చు. ప్రతి తేదీకీ రెండేసి పరీక్షలు ఎందుకు కావాలో చెప్పొచ్చు. డానియేలు ఒక్కోటి చాలన్నాడనీ, నేనే వినలేదనీ కూడా గుర్తుంది. తల వంచుకుని నిలబడ్డాను. ఆవిడ వదల్లేదు, పక్కింటివాళ్ళు వింటూనే ఉన్నారు.

లోపల్నుంచి కోడలు కేకేసింది. “అత్తా, పులుసులో ఉప్పు సరిపోయిందేమో కాస్త చూడు.”

సామ్రాజ్యమ్మ ఖాళీ డబ్బా చంకలో పెట్టుకుని, ఇంకా నన్ను తిడుతూనే, గుమ్మం దాటి వంటింట్లోకి వెళ్ళింది.